పెట్ట గుడ్డు మానేసింది: ఏది విరామం, ఏది లోపం, ఏది ప్రమాదం

కోళ్లు ఇప్పుడు పల్లె పెరళ్లలోనే కాదు, హైదరాబాద్, విజయవాడ డాబాల మీద కూడా తిరుగుతున్నాయి. వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి జాతుల పిల్లల్ని తెచ్చి నాలుగైదు పెంచుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. వాళ్లందరికీ ఏదో ఒక రోజు ఒకటే టెన్షన్: నిన్నటిదాకా పెట్టిన పెట్ట ఇవాళ ఎందుకు పెట్టలేదు? ఫోన్లో వెతికితే తలా ఒక మాట చెబుతారు. లైటు పెట్టమని ఒకరు, కాల్షియం సిరప్ పోయమని ఒకరు, వెల్లుల్లి నీళ్లని ఇంకొకరు, యాంటీబయాటిక్ అని మరొకరు. అందులో కొన్ని చలి దేశాలవాళ్లు తమ వాతావరణం కోసం చెప్పుకున్న సలహాలు. వాటినే మనవాళ్లు మే నెల ఎండలో పాటిస్తున్నారు.

"గుడ్డు పెట్టడం లేదు" అనే మాట కింద నిజానికి వేరు వేరు సంగతులున్నాయి. కోడి తనంతట తాను విరామం తీసుకుని ఉండవచ్చు. గుడ్డు పెడుతున్నా మన చేతికి దొరకకపోవచ్చు. మేతలోనో, నీళ్లలోనో, వాతావరణంలోనో లోపం ఉండవచ్చు. లేదా కోడికి జబ్బు చేసి ఉండవచ్చు, గుడ్డే లోపల ఇరుక్కుని ఉండవచ్చు. మొదటి రకంలో ఏమీ చేయకపోవడమే మంచిది. చివరి రకంలో ఆలస్యమైతే కోడి దక్కకపోవచ్చు.

## గుడ్డు తయారయ్యే దారి

పెట్టకు ఎడమవైపు అండాశయం, ఎడమవైపు గుడ్డు నాళం మాత్రమే పనిచేస్తాయి. అండాశయంలో పచ్చసొనలు చిన్నా పెద్దా గుత్తిగా ఉంటాయి. ఎదిగిన సొన విడిపడి నాళం మొదట్లో గరాటు ఆకారంలో ఉన్న భాగంలోకి దిగుతుంది. పుంజు తోడుంటే ఫలదీకరణ జరిగేది అక్కడే. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని ఇప్పటికీ కొందరు నమ్ముతారు. అది నిజం కాదు. పుంజు లేని గుడ్డును పొదిగినా పిల్ల రాదు, తేడా అంతవరకే.

తర్వాత సుమారు మూడు గంటల్లో తెల్లసొన చుట్టుకుంటుంది. ఇంకో గంటకు పైగా పలుచని లోపొరలు పడతాయి. మిగిలిన ఇరవై గంటలూ పెంకుకే పోతాయి. మొత్తం 24 నుంచి 26 గంటల పని. ఇందులో ఎక్కువ భాగం పెంకుదేనని గుర్తుంచుకుంటే, గుడ్డు సమస్యల్లో సగం పెంకు దగ్గరే ఎందుకు బయటపడతాయో అర్థమవుతుంది.

గుడ్డు పెట్టిన అరగంట, ముప్పావుగంట తర్వాత ఇంకో సొన విడుదలవుతుంది. అందుకే పెట్టే వేళ రోజురోజుకూ వెనక్కి జరుగుతుంది. సోమవారం ఉదయం 7 గంటలకు పెట్టిన కోడి మంగళవారం 8 గంటలకు, బుధవారం 9 దాటాక, గురువారం పది, పదకొండుకు పెడుతుందనుకుందాం. అలా మధ్యాహ్నం దాటేసరికి శరీరం ఒక రోజు వదిలేసి, మళ్లీ ఉదయం నుంచి వరస మొదలుపెడుతుంది. కాబట్టి రోజూ పెట్టే కోడి ఒక రోజు ఆపితే కంగారు పడాల్సిన పని లేదు.

## ముందు మన కోడి ఏదో తెలియాలి

మన ఊరి నాటు పెట్ట ఏడాదికి పెట్టేది యాభై, డెబ్బై గుడ్లు. పదో పదిహేనో వరసగా పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా పెరటి పెంపకంలో వందకు కాస్త పైగా, గ్రామప్రియ నూట యాభైకి పైగా పెడతాయి. ఫారంలో బోనులో ఉండే తెల్లకోడి మూడు వందలు దాటిస్తుంది. పందెం జాతి అసీల్ పెట్ట నాటు కోడికన్నా తక్కువే పెట్టవచ్చు. నాటు పెట్ట నెలంతా ఖాళీగా తిరిగితే అది దాని సహజం. గ్రామప్రియ ఈకలు రాల్చకుండా, పొదుగుకు రాకుండా నెలంతా ఆపేస్తే మాత్రం ఏదో జరిగినట్టే.

వయసు సంగతీ చూడాలి. మొదటి ఏడాది పెట్టినన్ని గుడ్లు రెండో ఏడాది పెట్టదు, మూడో ఏడాది ఇంకా తగ్గుతాయి. అప్పుడే గుడ్డుకొచ్చిన పెట్ట మొదటి వారాల్లో రెండు సొనల గుడ్డు, చిట్టి గుడ్డు, పెంకు గట్టిపడని తోలుగుడ్డు పెట్టడం మామూలే. దాని నాళం ఇంకా ఒక లెక్కకు రాలేదు.

## పెడుతోంది, మనకే దొరకడం లేదు

ఆరుబయట తిరిగే పెట్ట గడ్డివాములో, కట్టెల మోపు సందులో, పక్కవాళ్ల దొడ్లో గూడు చూసుకుని అక్కడే పెడుతుంది. ఆ గుడ్లు కాకులు, ముంగిసలు, జెర్రిపోతులు, కుక్కల పాలవుతాయి. ఒక్కోసారి కోడే పగిలిన గుడ్డు రుచి మరిగి తినేస్తుంది. ఇదేమీ కోడికి వచ్చిన సమస్య కాదు. పల్లెల్లో ఆడవాళ్లు పొద్దున్నే కోడిని వదిలే ముందు గుడ్డుందో లేదో వేలితో తడిమి చూసి, ఉంటే గంప కింద మూసి, పెట్టాకే వదిలేవాళ్లు. గుడ్డు ఎక్కడ ఆగిందో తేల్చుకోవడానికి ఇంతకన్నా సూటి పరీక్ష నాకు తెలియదు. తడిమి చూడటం ఇష్టం లేకపోతే రెండు రోజులు కట్టడిలో ఉంచినా తేలిపోతుంది.

## పొదుగు, ఈకల కాలం

పొదుగుకు వచ్చిన పెట్ట ఒళ్లు ఉబ్బించి గూట్లోనే ఉంటుంది. దగ్గరికి వెళితే గుర్రుమంటుంది, పొడుస్తుంది. రోజుకు ఒకటి రెండుసార్లు లేచి గబగబా తిని వస్తుంది. మెదడు దగ్గరి పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి అండాశయాన్ని నిద్రపుచ్చుతుంది. పిల్లలు రావడానికి 21 రోజులు, ఆ తర్వాత పిల్లల్ని వెంట తిప్పుకునే వారాలు, అన్నీ విరామమే.

దీన్ని మాన్పించాలా, వదిలేయాలా అన్నది పాత వాదన. పిల్లలు కావాలనుకునే రైతు ఇంట్లో పొదుగు కోడి వరం. ఇంక్యుబేటర్ కొనాల్సిన పనిలేదు, కరెంటు పోతుందన్న భయం లేదు. గుడ్ల కోసమే పెంచే పట్నం ఇంట్లో అదే చిరాకు. పుంజు లేని చోట పెట్ట ఊరికే వారాల తరబడి కూర్చుని చిక్కిపోతుంది. కాబట్టి మాన్పించడం దాని మంచికేనన్న వాదనలోనూ న్యాయం ఉంది. చన్నీళ్లలో ముంచడం చాలామంది చేసే పని. కానీ పొదుగును నిలబెట్టేది గూడు, కడుపు కింది వెచ్చదనం. గూడు తీసేసి, కింద గాలాడే వల అడుగున్న బోనులో మేతా నీళ్లతో మూడు నాలుగు రోజులు ఉంచితే కోడిని బెదిరించకుండానే అదే ఫలితం వస్తుంది.

ఏడాదికోసారి ఈకలు రాల్చే కాలం వస్తుంది. రెండు మూడు నెలలు పడుతుంది. ఈక దాదాపుగా మాంసకృత్తే. కొత్త ఈకలకు, గుడ్డుకు సరిపడా మాంసకృత్తు ఒకేసారి దొరకదు గనక శరీరం గుడ్డు ఆపేస్తుంది. ఈ కాలంలో కాల్షియం పోసి లాభం లేదు. కోడికి కావాల్సింది పురుగు, చేపపొడి, సోయాచెక్క లాంటివి.

## లైటు పెట్టాలా?

గుడ్డు పెట్టే హార్మోన్లు పగటి పొడవును బట్టి నడుస్తాయి. ఫారాల్లో లైట్లతో కలిపి 16 గంటల వెలుగు ఇస్తారు. లండన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలకన్నా తక్కువ, కాబట్టి అక్కడ లైటు లేకపోతే గుడ్లు ఆగిపోతాయి. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలకు తగ్గదు, జూన్‌లో పదమూడు గంటలు ఉంటుంది. మన దగ్గర కార్తీకం, మార్గశిరం నెలల్లో గుడ్లు కొంత తగ్గుతాయే గానీ వెలుగు లేకే ఆగిపోయాయనడం చాలాసార్లు పొరపాటు. ఎక్కువ గుడ్లు పెట్టే జాతులకు తెల్లవారుజామున రెండు మూడు గంటల లైటు పనిచేస్తుందనేవాళ్లు చెప్పేది నిజమే. చలికాలపు ఆ విరామంలోనే కోడి ఎముకలు, ఒళ్లు కోలుకుంటాయనేవాళ్ల మాటా నిజమే. ఇంటి అవసరానికి నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లకు రెండోదే మేలని నా ఉద్దేశం.

## మన అసలు శత్రువు ఎండ

చలి దేశాల సలహాల్లో దాదాపు కనిపించనిది, మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఒంట్లో వేడి బయటికి పోవడానికి మిగిలేది ఒక్కటే, నోరు తెరిచి రొప్పడం.

రొప్పితే ఊపిరితో పాటు బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఎక్కువగా బయటికి పోతుంది. పెంకు అంటే కాల్షియం కార్బొనేట్. అందులో కాల్షియం మేత నుంచి వస్తే, కార్బొనేట్ తయారయ్యేది రక్తంలోని ఈ వాయువు నుంచే. అది తగ్గితే రక్తం క్షారంగా మారి, వాడుకకు వీలైన కాల్షియం కూడా తగ్గుతుంది. అందుకే ఎండాకాలంలో మేతలో కాల్షియం నిండుగా ఉన్నా పెంకు పలచబడుతుంది, తోలుగుడ్లు పడతాయి. ఫారాల్లో వేసవి మేతలో వంటసోడా కలపడం వెనక ఉన్న ఆలోచన ఇదే. పైగా వేడికి కోడి మేత తగ్గిస్తుంది. గుడ్డులో మూడొంతులు నీరే కాబట్టి మధ్యాహ్నం గిన్నె కొన్ని గంటలు ఎండిపోయినా తర్వాతి రోజుల గుడ్ల మీద దెబ్బ పడుతుంది.

ఒక ఇంటిని ఊహించుకుందాం. డాబా మీద రేకుల షెడ్డు, అయిదు గ్రామప్రియ పెట్టలు, రోహిణి కార్తె. రోజుకు నాలుగు గుడ్లు వచ్చే చోట ఒకటీ రెండూ వస్తున్నాయి, అవీ తోలుగుడ్లు. కోళ్లు చురుగ్గానే ఉన్నాయి, మధ్యాహ్నం నోళ్లు తెరిచి రెక్కలు చాపుతున్నాయి. యజమాని కాల్షియం సిరప్ రెట్టింపు చేసినా మార్పు రాలేదు. ఇక్కడ మారాల్సింది సీసాలో మందు కాదు, షెడ్డు మీది రేకు. పైన తాటాకో తడిపిన గోనెసంచులో వేసి, నీళ్ల గిన్నె నీడకు జరిపి, మేత తెల్లవారుజామున, పొద్దువాలాక పెడితే పెంకు మెల్లగా గట్టిపడుతుంది. తిన్న మేత అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది గనక మేత వేళకు ఇంత ప్రాధాన్యం.

## పెంకు లెక్క

55 గ్రాముల గుడ్డు తీసుకుందాం. అందులో పెంకు దాదాపు పదో వంతు, అంటే 5.5 గ్రాములు. పెంకులో సుమారు 95 శాతం కాల్షియం కార్బొనేట్, దానిలో 40 శాతం కాల్షియం. లెక్క కడితే ఒక్క గుడ్డుకు 2.1 గ్రాములు. కోడి తిన్న కాల్షియంలో ఒంటికి పట్టేది దాదాపు సగం. కాబట్టి గుడ్డు పెట్టే రోజున నాలుగు గ్రాములు కడుపులో పడాలి.

ఇప్పుడు వంద గ్రాముల నూకలు పెట్టామనుకోండి. అందులో ఉండే కాల్షియం పది మిల్లీగ్రాముల అటూ ఇటూ. కావాల్సింది గ్రాముల్లో, దొరికేది మిల్లీగ్రాముల్లో. తవుడు కలిపితే మేలనుకుంటే, తవుడులోని ఫాస్ఫరస్ ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉండి ఉన్న కాల్షియాన్నీ పట్టేసుకుంటుంది.

మరి నాయనమ్మల కాలంలో నూకలు తిన్న కోళ్లు పెట్టలేదా? పెట్టాయి. కానీ అవి నాటు కోళ్లు, చిన్న గుడ్లు, పన్నెండు పెట్టి ఆగేవి. రోజంతా నత్తలు, పురుగులు, మట్టి, గోడ సున్నం పెచ్చులు ఏరుకు తినేవి. డాబా మీద బంధించిన గ్రామప్రియకు ఆ వీలు లేదు. అది తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. ఒంట్లో మొత్తం కాల్షియం ఇరవై గ్రాముల దగ్గరే ఉంటుంది గనక ఒక్కో గుడ్డుకు పదో వంతు పోతున్నట్టు. కొన్నాళ్లకు కాళ్లు పడిపోయినట్టు కూలబడుతుంది.

సున్నపు తేట చాలామంది వాడతారు. లీటరు తేటలో కరిగేది ఒక గ్రాముకు కాస్త తక్కువ కాల్షియం. కోడి రోజుకు పావు లీటరు తాగితే అందేది పావు గ్రాము లోపే. కాస్త సాయమే గానీ అవసరం తీరదు. గుడ్డుకొచ్చిన కోళ్ల మేతలో, అంటే లేయర్ మేతలో, మూడున్నర నుంచి నాలుగు శాతం కాల్షియం ఉంటుంది. అది కడుపు నిండా పెడుతుంటే పైన సిరప్ అక్కర్లేదు. అతిగా పోస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అదే మేత ఇంకా గుడ్డుకు రాని పిల్లలకు పెట్టినా అదే ప్రమాదం. నూకల మీదే పెంచే ఇంట్లో ఆల్చిప్పల ముక్కలు, నత్తగుల్లలు, దాణా కొట్లో దొరికే షెల్ గ్రిట్ వేరే గిన్నెలో ఉంచితే కావాల్సిన కోడి తనకు కావాల్సినంత తింటుంది. పొడికన్నా గింజంత ముక్కలే నయం. పెంకు ఎక్కువగా రాత్రి పడుతుంది. ముక్కలు కందనకాయలో నిలిచి రాత్రంతా కొంచెం కొంచెంగా కరుగుతాయి. మామూలు ఇసుక, గులకరాళ్లు మేత నూరుకోవడానికే పనికొస్తాయి, కాల్షియం ఇవ్వవు. ఎండపొడ తగలని బోనులో పెరిగే కోడికి విటమిన్ డి అందక, తిన్న కాల్షియం కూడా ఒంటపట్టదు.

కోడిగుడ్డు పెంకులే తిరిగి పెట్టొచ్చా? గుడ్లు పొడిచి తినే అలవాటు వస్తుందని కొందరి భయం. ఉడికించి, ఎండబెట్టి, గుడ్డు ఆకారం లేకుండా నలిపి పెడితే ఆ భయానికి పెద్దగా చోటు లేదు. పచ్చి పెంకులు పారేస్తే మాత్రం వాళ్ల భయం నిజమయ్యే వీలుంది, సాల్మొనెల్లా ముప్పు వేరే.

## గుడ్డు ఇరుక్కుంటే

ఇక్కడ ఆలస్యం పనికిరాదు. గుడ్డు ఇరుక్కున్న కోడి పొదుగు కోడిలాగే కదలకుండా ఉంటుంది కాబట్టి చాలామంది పొరబడతారు. తేడా ముఖంలో, తోకలో తెలుస్తుంది. ఇది గుర్రుమనదు. కళ్లు మూసుకుని ముడుచుకుంటుంది, మేత ముట్టదు, తోక పైకీ కిందికీ ఆడిస్తూ ముక్కుతుంది, నిటారుగా నిలబడి కాళ్లు ఎడంగా వేస్తుంది. రెట్ట ఆగిపోతుంది, లేదా నీళ్లలా పడుతుంది. గుడ్డు నరాల మీద ఒత్తితే కాళ్లు చచ్చుబడినట్టవుతాయి. తొలి గుడ్డు పెట్టే చిన్న పెట్ట, బాగా కొవ్వెక్కిన కోడి, పెద్ద గుడ్డు, కాల్షియం లోపం, నాళంలో వాపు, ఏదైనా కారణం కావచ్చు. కండరం బిగిసి గుడ్డును తోయడానికి కూడా కాల్షియమే కావాలి.

గోరువెచ్చని నీళ్లలో పావుగంట కూర్చోబెట్టి, తుడిచి, వెనుక ద్వారం దగ్గర నూనె రాసి, చీకటిగా వెచ్చగా ఉన్న చోట వదిలేయడం పాత పద్ధతి. దానికి అర్థం ఉంది. వేడికి కండరాలు వదులవుతాయి, చీకట్లో కోడి భయం తగ్గుతుంది. ఇంట్లో ఇంతవరకు చేసి కొన్ని గంటలు చూడొచ్చని కొందరు, కదిలిస్తే నాళం చిట్లుతుంది గనక నేరుగా డాక్టరు దగ్గరికేనని కొందరు అంటారు. ఇద్దరూ ఒప్పుకునే మాట ఒకటుంది: లోపల గుడ్డును పగలగొట్టకూడదు. పెంకు ముక్కలు నాళాన్ని కోస్తాయి. డాక్టర్లు ఒక్కోసారి సూదితో సొన లాగి పెంకును కుదించి తీస్తారు, కానీ అది మత్తు, పరికరాలు ఉన్నచోట చేసే పని. నాళం కండరాల్ని బిగించే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ కూడా అంతే, దారి మూసుకుని ఉండగా ఇస్తే నాళమే చిట్లవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనాల వివరం తెలుస్తుంది.

గుడ్డు పెట్టాక నాళం బయటికి జారితే మిగతా కోళ్లు ఆ ఎర్రటి భాగాన్ని పొడిచి చంపేస్తాయి. అన్నిటికన్నా ముందు దాన్ని విడిగా పెట్టాలి.

ఇంకో రకం బయటికి కనిపించదు. సొన నాళంలో పడకుండా కడుపులోకి జారిపోతుంది. అక్కడ సూక్ష్మక్రిములు చేరి కడుపు ఉబ్బుతుంది, కోడి చిక్కిపోతుంది. గూట్లోకి వెళ్లి కూర్చుంటుంది, గుడ్డు మాత్రం ఉండదు. ఎక్కువ గుడ్లకు మలిచిన జాతుల్లో, వయసు మీరిన కోళ్లలో ఇది ఎక్కువ. కోడి పూర్వీకురాలైన ఎర్ర అడవికోడి ఏడాదికి పెట్టేది పది, పదిహేను గుడ్లే. దాని సంతతితో మూడు వందలు పెట్టించడమే ఈ జబ్బులకు మూలమని విదేశాల్లో జంతు సంరక్షకులు వాదిస్తారు. కొందరు డెస్లోరెలిన్ అనే హార్మోను బిళ్లను చర్మం కింద పెట్టించి కొన్ని నెలలు గుడ్డే ఆపిస్తారు. ఆహారం కోసం పెంచే పక్షికి హార్మోను వాడటం తగదని, ఖర్చు భరించలేమని ఎదుటి పక్షం. మన ఊళ్లలో ఈ వాదన ఇంకా మొదలు కాలేదు, పక్షులకు శస్త్రచికిత్స చేసే డాక్టరు దొరకడమే కష్టం.

## కోళ్లన్నీ ఒకేసారి ఆపితే

ఒక్క కోడి ఆపితే కారణం దాని ఒంట్లో వెతకాలి. అన్నీ ఒకేసారి ఆపితే బయట వెతకాలి: నీళ్లు, మేత మార్పు, ఎండ, రాత్రి రక్తం పీల్చే పిడుదులు, లేదా అంటురోగం. కొక్కెర తెగులు అనే వైరస్ జబ్బుకు టీకా సరిగా పడని కోళ్లు చావకపోయినా గుడ్డు పడిపోతుంది. ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే శ్వాసకోశ జబ్బు‌లో పెంకు ముడతలు పడుతుంది, తెల్లసొన నీళ్లలా ఉంటుంది. కోళ్లు హుషారుగానే ఉండి తోలుగుడ్లు వరసగా పడుతుంటే, ఇంట్లో బాతులు కూడా ఉంటే, 1976లో గుర్తించిన ఎగ్ డ్రాప్ సిండ్రోమ్‌ను డాక్టర్లు అనుమానిస్తారు. ఆ వైరస్‌కు బాతులే సహజ ఆశ్రయం.

గుడ్డు ఆగడంతో పాటు కోళ్లు గుంపుగా చనిపోతుంటే సంగతి వేరు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరుల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అలాంటప్పుడు కిలోమీటరు పరిధిలో పెరటి కోళ్లతో సహా అన్నిటినీ తొలగిస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. తమ కోళ్లను పూడ్చేస్తారన్న భయంతో దాచాలనిపించడం అర్థం చేసుకోగలిగిందే. కానీ దాస్తే ఊరంతటి కోళ్లూ పోతాయి, చచ్చిన కోళ్లను ముట్టుకున్నవాళ్లకూ ప్రమాదమే. తొలగించిన కోళ్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది.

## మందు వేశాక ఆ గుడ్డు తినొచ్చా?

గుడ్డు తగ్గిందని మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చి నీళ్లలో కలపడం మామూలైపోయింది. పైన చెప్పిన కారణాల్లో చాలావాటికి అది పనిచేయదు, వైరస్‌ల మీద అసలే పనిచేయదు. ఎన్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను అమెరికా 2005లోనే కోళ్లలో వాడకుండా నిషేధించింది. మన దేశం 2019లో కొలిస్టిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను ఆహార జంతువుల్లో వాడకుండా ఆపింది.

డాక్టరు చెప్పి వాడినా ఒక లెక్క ఉంది. పచ్చసొన చివరి పది రోజుల్లో వేగంగా పెరుగుతుంది. మందు వేసిన రోజున అండాశయంలో రకరకాల పరిమాణాల్లో ఉన్న సొనలన్నిటిలోకీ ఆ మందు చేరే అవకాశం ఉంది. సోమవారంతో మందు ఆపితే, ఆ రోజు పెరగడం మొదలైన సొన గుడ్డుగా బయటికొచ్చేది వచ్చే వారం చివర్లో. కాబట్టి సీసా మీద రాసిన నిలుపుదల రోజుల్ని చివరి మోతాదు వేసిన రోజు నుంచి లెక్కపెట్టాలి. అన్నాళ్లూ ఆ కోడి గుడ్లను ఇంట్లో తినకూడదు, అమ్మకూడదు.